మోకాలి లోతు మీద బేరం

బేరమాడకుండా నేను కొన్న వస్తువు మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఇది గొప్ప కాదు, అలవాటు. ఆ అలవాటుతోనే పోయిన ఏడాది మే నెలలో సముద్రం దగ్గర, మా ఆయన నీళ్ళలోకి ఎంత లోతు దిగొచ్చన్నదాని మీద బేరమాడాను. గెలిచాను కూడా. గెలవకపోయి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

మా నాన్నది కాశీబుగ్గ బజారులో స్టీలు సామాన్ల కొట్టు. బడి నుంచి వచ్చి, అక్కడ బోర్లించిన గుండిగ మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. పుస్తకంలో ఏముందో ఇప్పుడు గుర్తు లేదు. కొట్టులో జరిగింది గుర్తుంది. కొనడానికి వచ్చినావిడకి నాన్న ఒక ధర చెప్పేవాడు. అది ధర కాదు, పలకరింపు. ఆవిడ సగం చెప్పేది. అదీ ధర కాదు, తిరుగు పలకరింపు. తర్వాత పిల్లల చదువులు, అల్లుళ్ళ తాగుళ్ళు, జీడిపప్పు బట్టీల్లో కూలీ రేట్లు అన్నీ అయ్యేవి. చివరికి ఒక చోట నాన్న మాట ఆపేవాడు. ఆవిడ మీంచి చూపు పక్కకి తిప్పి, గిన్నె తీసి పాత పేపర్లో చుట్టడం మొదలెట్టేవాడు. "సరే, ఇచ్చాను" అని నోటితో అనడం నేను ఏనాడూ వినలేదు. మాట ఆగి, చూపు తిరిగి, చేతులు పనిలో పడ్డాయంటే బేరం కుదిరినట్టు. ఇది మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ప్రపంచంలో అందరికీ తెలుసనే నేను అనుకున్నాను.

మా ఆయనది టెక్కలి. హైస్కూలు మాస్టారు. ఎదుటివాడు ఎంతంటే అంత ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పి వచ్చే రకం. పెళ్ళయిన కొత్తలో పుచ్చకాయ తెమ్మంటే తెచ్చారు. అమ్మినతను దాన్ని ఆటో దాకా మోసుకొచ్చి పెట్టాడట. "ఎంత మంచివాడో" అన్నారు. నేను కాయ కోసి చూశాను. అంత మంచితనం దాంట్లో కనపడలేదు.

ఆయన పుట్టినప్పుడు ఎవరో జాతకం చూసి నీటి గండం ఉందన్నారట. ఆ చూసినది ఎవరో మా అత్తగారికే సరిగ్గా గుర్తు లేదు గానీ గండం మాత్రం బాగా గుర్తుంది. కొడుకుని చెరువుకి పంపలేదు. కాలవ గట్టు మీద నడవనివ్వలేదు. ఇంట్లో నుయ్యి ఉన్నన్నాళ్ళూ తాడు ఆవిడే చేదింది. దాంతో నలభై నాలుగేళ్ళ మనిషికి ఈత రాదు. గండం సంగతి నాకు తెలీదు. ఈత రానివాడికి మాత్రం నీళ్ళన్నీ గండమే కదా. అంటే ఆ జాతకం చెప్పినవాడి మాట మా అత్తగారు కష్టపడి నిజం చేశారన్నమాట.

ఇక ఆ మే నెల. పలాసలో మే అంటే చెప్పేదేముంది. మా ఇంట్లో కూలరు ఒకటే. మేం ముగ్గురం, నేనూ ఆయనా పదమూడేళ్ళ మా అమ్మాయీ, దాని ముందు వరసగా కూర్చునేవాళ్ళం. ఒకరోజు మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండానే, "గంట దూరంలో సముద్రం పెట్టుకుని, ఫోన్లో ఎవరిదో సముద్రం చూస్తున్నాం" అంది. మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. షాపు అద్దంలో వస్తువుని చూసి, అడగకుండా వెళ్ళిపోయే పిల్లల చూపు అది.

ముందు టెక్కలికి ఫోన్ చేసి అత్తగారిని ఒప్పించాలి.

"సముద్రానికా? ఈ ఎండల్లోనా? ఎండలో నిలబడ్డానికి మీరేటి, రావివలస మల్లన్నలా?"

టెక్కలి పక్కన రావివలసలో శివుడు పైకప్పు లేకుండా ఎండలోనే ఉంటాడు. మా అత్తగారు ఎండ గురించి ఏం చెప్పాలన్నా ఆయనతోనే మొదలెడతారు.

"పొద్దున్నే ఎల్లి పదింటికల్లా వచ్చేస్తాం అత్తయ్యా. ఎండ ముదరక ముందే."

"ఆడ్ని నీళ్ళ కాడికి ఎల్లనీకు."

"సముద్రానికి ఎల్లి నీళ్ళ కాడికి ఎల్లకపోతే ఎలా? ఒడ్డునే ఉంటారు."

"పొడి ఇసకలో."

"తడి ఇసకలో. పక్కనే కదా."

"పొడి ఇసకలోనే. నా మాటిను."

"పాదాలు తడుపుకుంటారు అత్తయ్యా. పాదాలే. గుళ్ళోకి ఎల్లినప్పుడు కడుక్కోరా?"

అటువైపు మాట ఆగింది. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపించింది. చేతులు పనిలో పడ్డాయి. కుదిరిందన్నమాట. పొడి ఇసక దగ్గర మొదలైన మనిషిని పాదాల దాకా తెచ్చాను.

జాగ్రత్త అంటే సామాను అని నమ్మే వంశం మాది. ఆ రాత్రి నేను సర్దినవి: గొడుగులు రెండు, మజ్జిగ సీసాలు మూడు, గ్లూకోజు పొడి, తువ్వాళ్ళు, పాత దుప్పటి, కట్టు గుడ్డ, దూది, వడదెబ్బకి ఉల్లిపాయలు. వీటన్నిటికీ తోడు పది లీటర్ల క్యాను నిండా మంచినీళ్ళు. ఒకప్పుడు వంటనూనె వచ్చిన ప్లాస్టిక్ క్యాను అది, మూత బిగుతుగా పట్టేది. మా ఇంట్లో క్యాన్లు పారేసే ఆచారం లేదు. బీచిలో కాళ్ళకి అంటిన ఇసక కడుక్కోవడానికి నీళ్ళు అమ్ముతారని ఎవరో చెప్పారు. సముద్రం పక్కన నిలబడి నీళ్ళు కొనడానికి నాకు మనసొప్పలేదు.

"ఇంత మోయాలా?" అన్నారు మా ఆయన, క్యాను ఎత్తి చూసి.

"జాగ్రత్త ఊరికే రాదు" అన్నాను. ఆయన మోశారు.

ఆదివారం పొద్దున్న బయల్దేరాం. ఆటో బేరం గురించి రాయను. పలాస దాటి తూర్పుకి తిరిగితే ఉద్దానం. రెండు పక్కలా జీడి తోటలు, వాటి మీంచి కొబ్బరి చెట్లు. తుఫానుకి తలలు పోయిన చెట్లు కొన్ని ఇంకా అలాగే, ఎవరో తీసుకెళ్ళడం మర్చిపోయిన స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. మేం దిగిన పల్లె పేరు రాయను. రాస్తే అక్కడ మాకు తగిలిన తాత ఎవరో తెలుస్తుంది, ఆయన్ని అడిగితే నేనెవరో తెలుస్తుంది.

ఆదివారం కాబట్టి ఆ పల్లెలో చేపల వేట లేదు. సగం మంది చర్చిలో ఉన్నారు. మైకులో పాట ఒడ్డు దాకా వినిపిస్తోంది. ఒడ్డున మనుషుల్లేరు. మనకోసమే ఖాళీ చేసినట్టుంది అనుకున్నాను. ఖాళీ కొట్టులోకి వెళ్ళడానికి మాత్రం నేను ఎప్పుడూ రెండుసార్లు ఆలోచిస్తాను.

ఒక్క ముసలాయన ఉన్నాడు. డెబ్బై ఉంటాయేమో. ఇసకలోకి లాగి పెట్టిన పడవ నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. పక్కన సన్నటి నైలాన్ తాడు చుట్ట. మేం గొడుగు పాతుతుంటే, అడక్కుండానే చెప్పాడు.

"మోకాలు దాటకండి. ఈయేల బాగోలేదు."

ఎవరైనా అయితే అది హెచ్చరిక అనుకుంటారు. నాకు ధర చెప్పినట్టు వినిపించింది.

"మోకాలంటే మరీ తక్కువ తాతా" అన్నాను. "ఇంత దూరం ఆటో కట్టించుకుని వచ్చాం."

"ఆటో కట్టించుకు రమ్మని సముద్రం అడిగినాదేటి?"

"ఈయన హైస్కూలు మాస్టారు. చిన్నపిల్లాడు కాదు. నడుము దాకా ఎల్తారు."

"మేస్టారికైనా మోకాలే."

"పోనీ తొడల దాకా అనుకో."

"తల్లీ, ఈ మాట నాను సెప్పడం లేదు. అది సెప్తన్నాది" అని సూది పట్టుకున్న చేత్తో సముద్రం వైపు చూపించాడు.

"అది నీకు సెప్పింది. నువ్వు మాకు సెప్తున్నావు. మధ్యలో నువ్వు జాగ్రత్తకి ఒక జానెడు తగ్గించి సెప్తావు కదా, మాకు తెలీదేటి? నడుము."

ముసలాయన నన్ను ఒకసారి చూశాడు. మా ఆయన్ని ఒకసారి చూశాడు. ఆయన అప్పటికే ఆ మాట ప్రకారం ప్యాంటు సరిగ్గా మోకాళ్ళ దాకా మడుచుకుంటున్నారు. ముసలాయన చూపు పక్కకి తిప్పి, వల మీదికి వంగి, సూది గుచ్చడం మొదలెట్టాడు.

మాట ఆగింది. చూపు తిరిగింది. చేతులు పనిలో పడ్డాయి.

"ఏవండీ, నడుము దాకా" అన్నాను.

"మోకాలన్నాడు కదే."

"అది మొదటి మాట."

"సముద్రానికి కూడా మొదటి మాట, రెండో మాట ఉంటాయేటి?" అన్నారు. చదువు చెప్పేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ప్రశ్న సరిగ్గానే అడుగుతారు, జవాబు కోసం ఆగరు. మడత విప్పేసి ప్యాంటు తడిపేసుకోవడానికి సిద్ధమైపోయారు.

ఎక్కడ దిగాలో కూడా నేనే ఎంచాను. కుడి పక్కా ఎడమ పక్కా అలలు తెల్లగా విరుచుకుపడుతున్నాయి. వాటి మధ్య రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పున నీళ్ళు నునుపుగా, కొంచెం మట్టిరంగులో, అలల్లేకుండా ఉన్నాయి. ఆ తెల్లటి గొడవ మధ్యలో అదొక్కటే మర్యాదస్తుల వీధిలా కనిపించింది.

కొట్టులో ఒక గిన్నె పక్కవాటికన్నా మరీ నున్నగా మెరుస్తుంటే ముందు దాన్ని తిప్పి అడుగు చూడాలి, చిల్లికి మాటు వేసి ఉంటుంది అని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట నేను ఇప్పటిదాకా ఎన్ని కొట్లలో వాడానో లెక్కలేదు. ఆ పూట వాడలేదు. సముద్రాన్ని తిప్పి అడుగు చూసే వీలు లేదు, అది ఒక కారణం. నాకు గర్వంగా ఉంది, అది రెండో కారణం.

"అదిగో, అక్కడ అలలే లేవు. అక్కడ దిగండి" అన్నాను.

మా అమ్మాయి నా పక్కనే, పాదాల లోతులో ఉంది. ఆయన మోకాలి దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి చూశారు. ఇంకా వెళ్ళమని చెయ్యి ఊపాను. తొడల దాకా వెళ్ళి మళ్ళీ చూశారు. మళ్ళీ ఊపాను. నడుము దగ్గర ఆగి, రెండు చేతులూ నీళ్ళ మీద పరిచి నవ్వారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ నవ్వు నేను చూడలేదు. వాళ్ళమ్మ నలభై నాలుగేళ్ళు ఆయనకి కొననివ్వని వస్తువుని నేను కొనిచ్చినట్టు అనిపించింది.

చాలనుకుని ఆయన ఒక అడుగు వెనక్కి వేయబోయారట. కాలి కింద ఇసక అప్పటికే వెళ్ళిపోయిందట.

నాకు కనిపించింది ఇంతే: నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. తర్వాత మెడ దాకా. పెద్ద అల ఏదీ రాలేదు. చప్పుడు లేదు. ఆయన నిలబడ్డట్టే కనిపిస్తూ దూరమైపోతున్నారు, రైలు కదిలినప్పుడు కిటికీ దగ్గరి మనిషిలా. అప్పుడు ఆయన ఒక చెయ్యి పైకెత్తారు. ఆయన క్లాసులో పిల్లలు బయటికి వెళ్ళడానికి ఎత్తినట్టు.

"అమ్మా" అంది మా అమ్మాయి. "నాన్న వెళ్ళిపోతున్నారు."

గొడుగు ఎక్కడ పడేశానో తెలీదు. నీళ్ళలోకి పరుగెత్తాను. మోకాళ్ళ దాకా వెళ్ళేసరికి వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టి గుంజారు. వల వదిలేసి వచ్చిన ముసలాయన.

"యాడికి? ఈతొచ్చా?"

"రాదు."

"మరేటి, ఆయనకి తోడెల్తావా? ఒడ్డునుండు. ఇద్దర్ని ఏరలేను."

అప్పుడు ముసలాయన మా సామాను వైపు చూశాడు. గొడుగులు, మజ్జిగ, దూది, ఉల్లిపాయలు. నేను జాగ్రత్త కోసం తెచ్చినవన్నీ చూసి, వాటిలోంచి నేను జాగ్రత్త కోసం తేనిది ఒక్కటి ఏరాడు.

"గుంటా! ఆ కేను నీళ్ళు పారబొయ్! మూతెయ్యి గట్టిగా!"

మా అమ్మాయి క్యాను ఎత్తి, మూత మీద చెయ్యి పెట్టి, నా వైపు చూసింది. పారబొయ్యచ్చా అని. ఇంటి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు కదా. అమ్మ ఏమంటుందో అని.

"పారబొయ్యవే!" అని అరిచాను.

పది లీటర్ల నీళ్ళు అంత చిన్న మూతిలోంచి ఎంత నింపాదిగా వస్తాయో అప్పటిదాకా నాకు తెలీదు. గుక్క, గుక్క, మధ్యలో ఊపిరి. ఆలోగా ముసలాయన తాడు చుట్ట తెచ్చాడు. ఖాళీ క్యాను పిడికి తాడు ముడివేసి, పరుగున వెళ్ళి, ఆ నున్నటి నీళ్ళలోనే విసిరాడు. మా ఆయన ఉన్న వైపు అయినా కాదు. ఆయన బయల్దేరిన చోట.

"అటు కాదు తాతా, అటు!"

"ఆ నున్నటి కాడే నీళ్ళు లోనకి లాగుతాయి. ఆయన్ని తీసుకుపోయిన దారే దీన్నీ తీసుకుపోద్ది."

తీసుకుపోయింది. క్యాను ఎగురుకుంటూ, దారి ముందే తెలిసినదానిలా పోయింది. తాడు ముసలాయన చేతుల్లోంచి జారిపోతోంది. ఆయన గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"మేస్టారూ! ఈదకండి! ఎదురు రాకండి! ఎల్లకిలా పడుకోండి! తేలండి! డబ్బా వత్తన్నాది!"

ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. పడుకోవడమేంటి, ఒడ్డు అదిగో కనిపిస్తోంది, ఒక నాలుగు బారలు వేస్తే రానా, సగం పడుకుని సగం ఈదితే కుదరదా అని మొదలెట్టేదాన్ని. అక్కడితో అయిపోయేది. మా ఆయన అలా కాదు. ఎదుటివాడు ఎంత చెబితే అంత. పడుకోమన్నాడు, పడుకున్నారు. మొహం ఆకాశం వైపు పెట్టి, చేతులు చాపి, డాక్టరు ముందు పడుకున్నట్టు పడుకున్నారు. ఇన్నాళ్ళూ ఏ గుణాన్ని చూసి నేను తల పట్టుకున్నానో అదే ఆయన్ని నీళ్ళ మీద నిలబెట్టింది.

క్యాను ఆయన భుజానికి తగిలింది. పట్టుకున్నారు.

నేను తాడు అందుకుని బలంకొద్దీ లాగడం మొదలెట్టాను.

"లాగకు!" అన్నాడు ముసలాయన. "ఎదురు లాగితే ఆయన సెయ్యి జారుద్ది. వదులుగా పట్టు. నడు. ఇలగ, పక్కకి."

"ఒడ్డు ఇటు కదా!"

"ఒడ్డు యాడికీ పోదు. నడు."

ముగ్గురం తాడు పట్టుకుని ఒడ్డు వెంట ఉత్తరానికి నడిచాం. అలలు తెల్లగా విరిగే వైపు. మర్యాద లేదని నేను వద్దన్న వైపు. తాడు చివర మా ఆయన నెమ్మదిగా పక్కకి వస్తున్నారు. ఎంతసేపు నడిచామో లెక్క తెలీదు. ఆ నున్నటి దారి దాటగానే తాడు బరువు తగ్గింది. వెనక నుంచి ఒక అల వచ్చి ఆయన్ని ఒక తోపు తోసింది, ఇంకోటి ఇంకో తోపు. నాలుగో అలకి మా ఆయనా, క్యానూ కలిసి ఇసకలో పడ్డారు. కళ్ళజోడు లేదు. క్యానుని రెండు చేతులా కావలించుకునే ఉన్నారు.

ఉప్పునీళ్ళు కక్కారు. కాసేపు ఊరికే దగ్గారు. తర్వాత నా మొహం వెతుక్కుని, "నడుము దాటలేదే" అన్నారు. "నేను దాటలేదు."

కూర్చుని ఆయన తలలో ఇసక ఏరాను. ఏరితే తరిగే ఇసక కాదు అది.

చర్చి వదిలినట్టుంది, పల్లెలోంచి పది మంది వచ్చారు. తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ చేతిలో బైబిలుతోనే మమ్మల్ని తిట్టింది. "ఓలమ్మ ఓలమ్మ, సదువుకున్నోళ్ళే ఇలగ సేత్తారు! ముసలోడు సెప్పలేదేటి?"

"సెప్పినాడు" అన్నాను.

ఇంకొకామె గ్లాసుతో టీ తెచ్చింది. మా ఆయన దానికి థాంక్స్ చెప్పారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, మనిషి మామూలుగానే ఉన్నారని. ముసలాయన ఒప్పుకోలేదు.

"నీళ్ళు మింగినాడు. ఇప్పుడు బాగున్నాడని ఇంటికి ఎలిపోకండి. డాట్రుకి సూపించండి. ఊపిర్లోకి ఎల్లిన నీళ్ళు రేత్రికి బయటపడతాయి."

ఇది మాత్రం నేను బేరమాడలేదు. సరేనన్నాను. అన్నాక, మనసాగక అడిగాను.

"నువ్వు ఊరుకున్నావు కదా తాతా. ఒప్పుకున్నావనుకున్నాను."

ముసలాయనకి నిజంగానే అర్థం కాలేదు. "ఏటి ఒప్పుకోడం?"

"నడుము అన్నాను. నువ్వు మాట్లాడలేదు. వల పనిలో పడిపోయావు."

"నాలుగుసార్లు సెప్పినాను. ఐదోసారి కూడా సెప్పాలేటి? మా కాడ ఊరుకున్నామంటే, ఇంక మీ కర్మ అని" అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

నలభై ఏళ్ళుగా నేను ఎంతమంది ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నానో ఆ ఇసకలో కూర్చుని కొంతసేపు గుర్తు చేసుకున్నాను. కొట్టువాళ్ళ వరకు ఫరవాలేదు. బంధువుల దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు మళ్ళీ వినిపించింది.

నా చెయ్యి దానంతటది చేతిసంచీ మీదికి వెళ్ళింది. ముసలాయన ఆ చేతిని చూశాడు. తీసేశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, "క్యాను విప్పి ఇస్తావా" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. నోరు అలవాటు మానదు.

"అది ఇంక నా వలది" అన్నాడు.

అట్నుంచి అటే పలాసలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రం దాకా ఉంచి చూస్తామన్నారు. మా ఆయన మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, కళ్ళజోడు లేక అన్నిటినీ కొత్తగా చూస్తూ పడుకున్నారు. నాలుగింటికి అత్తగారి ఫోన్. ఎత్తి ఏం చెప్పాలో తెలియక, ఆయన చెవి దగ్గరే పెట్టాను. ఆయన అబద్ధం చెప్పరు. అందుకని కళ్ళు మూసుకున్నాను.

"ఎంతదాకా దిగినావు నాన్నా?" ఆవిడ గొంతు బయటికి వినిపిస్తోంది.

"పాదాలు తడిశాయమ్మా."

"పాదాలేనా?"

"కొంచెం పైకి."

"ఎంత పైకి?"

ఆయన నా వైపు చూశారు. "మోకాలు దాకా" అన్నారు.

"పోన్లే. ఇంక ఎల్లకండి."

ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం ఆయనకి అదే మొదలు. బొత్తిగా చేతకాలేదు. నేనైతే పాదాల దగ్గరే ఆగిపోయేదాన్ని. కానీ ఆ మంచం పక్కన నిలబడి ఆయన బేరాన్ని తప్పుపట్టే ముఖం నాకు లేదు.

సముద్రం పేరెత్తకుండా కొన్ని నెలలు గడిచాయి. సంక్రాంతి సెలవులయ్యాక ఆదివారాలు పొద్దున్నే ఆయన బండేసుకుని మందస వైపు వెళ్ళడం మొదలెట్టారు. తోటి మాస్టారి పొలంలో నేలబావి ఉంది, అక్కడ ఈత నేర్చుకుంటున్నానన్నారు. వెళ్ళి చూశాను. నడుముకి తాడు కట్టి, గట్టు మీద ఇద్దరు పట్టుకుంటే, వాళ్ళు కాలాడించమన్నప్పుడు కాలాడిస్తున్నారు, చెయ్యాడించమన్నప్పుడు చెయ్యి. నేర్పేవాళ్ళకి అంత సుఖమైన శిష్యుడు దొరకడు. టెక్కలికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పినప్పుడు ఆవిడ ఊరుకుంటే ఏమిటని అర్థం చేసుకోవాలో నాకు తెలీదు.

ఈ మేలో మళ్ళీ వెళ్దామని అడిగింది ఆయనే. ఈసారి వద్దన్నది నేను. రెండు రోజులు ఆగి ఆయన మళ్ళీ అడిగారు, అంతే మెల్లగా. అదే పల్లె అయితేనే వస్తానన్నాను. అదే తాత ఉంటేనే దిగాలన్నాను. సరేనన్నారు.

ఉన్నాడు. అదే పడవ నీడ. వల అంచుకి కట్టిన క్యాన్ల వరసలో మాది గుర్తుపట్టాను. ఎండకి రంగు వెలిసింది, మూత మాత్రం ఇంకా బిగుతుగానే ఉంది. ముసలాయన మమ్మల్ని చూసి, లేవకుండానే సముద్రం వైపు కాసేపు చూశాడు. ఒక పక్క అలలు, ఇంకో పక్క అలలు. ఆ నున్నటి దారి పోయినేడు ఉన్నచోట లేదు. దక్షిణానికి, దూరంగా జరిగింది. అదిగో, అటు ఎల్లకండి అని చెయ్యి చూపించాడు. తర్వాత ధర చెప్పాడు.

"మేస్టారికి మోకాలు. గుంటకి మోకాలు." సూది ఆపి నా వైపు తిరిగాడు. "నీకు సీలమండ."

నాకెందుకు తక్కువ, నేనేం పాపం చేశాను, పోనీ పిక్కల దాకా అనుకో అని మూడు మాటలూ నోటి దాకా వచ్చాయి. ముసలాయన ఎదురుచూస్తున్నాడు. సూది గాల్లోనే ఉంది. ఈవిడ ఎలాగూ పెంచుతుందని కిందనుంచి మొదలెట్టినట్టున్నాడు. అదే నిజమైతే ఆయన కూడా ఈ ఏడాదిలో కొంత నేర్చుకున్నాడన్నమాట.

నేను మాట్లాడలేదు. సంచీలోంచి తాటిముంజెలు తీసి తొక్క ఒలవడం మొదలెట్టాను.

కాసేపు చూసి ఆయన మళ్ళీ వల మీదికి వంగాడు.

మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, అమ్మాయి చెయ్యి పట్టుకుని, అలలున్న వైపే దిగారు. నీళ్ళు మోకాలు తాకగానే ఆగి, వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

నేను చెయ్యి ఊపలేదు.